వెలుగు తిన్న వాడ

"తాళంచెవి ఇయ్యి బేటీ," అని ఇస్మాయిల్ మళ్లీ అడిగి చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి సమీనా కూర్చున్న వైపు రాలేదు. పక్కనున్న ఖాళీ గోడ వైపు చాచి ఉంది.

వంటింటి గడపలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న తల్లి తాజ్‌బీ అది చూసింది. చూసి తల వంచుకుంది.

సమీనా దుపట్టా కొసకు కట్టుకున్న తాళంచెవిని పిడికిట్లో బిగించింది.

"ఇయ్యనబ్బా," అంది తండ్రితో.

"నా బొమ్మలు నేను చూసుకోనీకి నీ ఇజాజత్ కావాల్నా?"

"గీసింది నువ్వే. ఇప్పుడవి మ్యూజియంవి. నా జిమ్మల ఉన్నయి."

"నువ్వు పుట్టకముందు గీసిన అవి. నీ జిమ్మల ఎవరు వెట్టిండ్రు?"

ఆయనన్నది నిజమే. ఆనకట్ట వల్ల కృష్ణ నీళ్లు నల్లరేవు ఊళ్లోకి వస్తున్నాయని తెలిసిన ఏడాది, అప్పటికి ఇరవై ఏళ్లు దాటిన డ్రాయింగ్ మాస్టరు ఇస్మాయిల్ పాఠశాల రంగుడబ్బా పట్టుకొని తన ఊరి ప్రతి వాడలోనూ కూర్చున్నాడు. పెన్సిలు ముట్టకుండా, నేరుగా కుంచెతో ఇళ్లన్నీ కాగితాల మీదికి దించాడు. తర్వాత ఊరు మునిగింది. ఆ ఊళ్లో ఎవరికీ కెమెరా లేదు. ఇస్మాయిల్ సార్ బొమ్మలే మిగిలాయి. ఇప్పుడవి వనపర్తిలో, ఒక ట్రస్టు పాత బడి భవనంలో పెట్టిన చిన్న మ్యూజియంలో ఉన్నాయి. దాన్ని చూసుకునే ఉద్యోగం సమీనాది.

ఆ బొమ్మలన్నీ గోడల మీదనుంచి దించి, ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసింది సమీనా. అప్పటినుంచి ఇంట్లో అన్నం సరిగా తిన్నవాళ్లు లేరు.

రెహాన్ దుకాణం నుంచి వచ్చి చెప్పులు విడుస్తూనే అందుకున్నాడు. బస్టాండు దగ్గర కరెంటు సామాన్ల దుకాణం వాడిది. సమీనాకు తమ్ముడు.

"ఏంది ఆపా నీ జిద్దు? ఇయ్యాల వీపనగండ్ల నుంచి జోగులమ్మోళ్లు వస్తుండ్రు. మునిగిపోయిన ఇల్లు మనుమరాలికి చూపిస్తనని ముసలామె ఎన్ని ఫోన్లు చేసింది! వచ్చినోళ్లకు ఉత్త గోడలు చూపిస్తవా?"

"రావద్దని చెప్పు. గోడలకు సున్నం ఏస్తుండ్రని చెప్పు."

"అబద్ధం నేనెందుకు చెప్తా?"

"రావద్దని చెప్పనీకి నువ్వెవరు?" ఇస్మాయిల్ గొంతు పెరిగింది. "ఆ ఊరోళ్లు వచ్చి జరసేపు ఏడ్చి పోనీకే గదా ఆ మ్యూజియం! మొదట్నుంచి నీది ఇదే వరస. కిటికీలకు నల్లగుడ్డలు కట్టినవు. లోపల నువ్వు పెట్టినవి దీపాలా, మిణుగురు పురుగులా?"

"వెలుగు ఎక్కువైతె రంగులు పోతయబ్బా. ఎన్నిసార్లు చెప్పిన."

"రంగులు పోతయి, రంగులు పోతయి! నా కండ్లు పోతున్నయి. అది ఎవ్వరికన్న పట్టిందా?"



నీటికాసులు అని హైదరాబాద్ డాక్టరు చెప్పిన రోజునుంచి ఆ ఇంట్లో ఎవరూ కళ్ల మాట ఎత్తలేదు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది నిలబెట్టుకోవడానికే చుక్కలమందనీ చెప్పి పంపాడు ఆయన. అందరూ విన్నారు. విననట్టే ఉన్నారు. ఇప్పుడు ఆ మాట ఇస్మాయిల్ నోటినుంచే బయటపడింది.

ఆయన గోడ తడుముకుంటూ లోపలి గదిలోకి వెళ్లాడు. తలుపు మూసుకుంది.

"సంబురమైందా ఇగ?" అన్నాడు రెహాన్.

సమీనా లేచి వెళ్లి ఆ తలుపు సరిగా మూసుకుందో లేదో చూసి వచ్చింది. తర్వాత తమ్ముడి పక్కన కూర్చుంది.

"గట్టిగ మాట్లాడకు. అబ్బ వింటడు. రేవు వాడ బొమ్మ పోయింది రెహాన్."

"పోయిందా? ఎవరెత్తుకపోయిండ్రు?"

"ఎవరూ ఎత్తుకపోలే. కాగితం ఉన్నది, బొమ్మ లేదు. ఏటి నీలం లేదు, ఇండ్లు లేవు. ఏమన్న నీడలాంటిది మిగిలిందేమోనని ఎంతసేపు చూసిన్నో. చట్రం ఇప్పి చూస్తె, అంచున అట్ట కింద దాగినకాడ మాత్రం వేలెడంత నీలం నిన్న పూసినట్టున్నది. మిగతాదంత తెల్లకాగితమే."

రెహాన్ అక్క వైపు తిరిగాడు. "నీళ్లేమన్న పడ్డయా?"

"నీళ్లు కాదు. వెలుగు."

ప్రతి బొమ్మ పక్కనా తాను ఒక నీలం గుడ్డ పేలిక కట్టి, సగానికి నల్లకాగితం చుట్టి ఉంచిన సంగతి చెప్పింది. వెలుగు మితిమీరితే తెరిచి ఉన్న సగం ముందుగా వెలుస్తుంది. అదొక హెచ్చరిక. మిగతా బొమ్మల దగ్గర పేలికలు అట్లాగే ఉన్నాయి. రేవు వాడ బొమ్మ పక్కనున్నది మాత్రం వెనక మూలకు జరిపి ఉంది. నల్లకాగితం తీసి చూస్తే సగం నీలం, సగం పాలిపోయిన తెలుపు.

"ఆ బొమ్మకెదురుంగ పడమటి కిటికీ ఉన్నది. నేను ట్రస్టు ఆఫీసుకు పోయినప్పుడు ఎవరో ఆ కిటికీ తెరుస్తుండ్రు. ఒక్కరోజు తెరిస్తె ఇట్ల కాదు. నెలల కొద్ది తెరిచిండ్రు; కొద్దికొద్దిగ పోతుంటె ఆ మసక వెలుగుల నాకు గూడ తెల్వలే. ఎవరో తెల్వక భయమైతున్నది నాకు. ఎవరో కావాల్నని చేస్తుండ్రా, ఏంది?"

"చీకట్ల పెట్టినవు గదా. మళ్ల రంగు వస్తదా?"

"రాదు. పోయింది పోయినట్టే."

రెహాన్ ఇంకేదో అడగబోయి తల్లి వైపు చూశాడు. తాజ్‌బీ చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఆగి ఉంది.

"ఎవరో కాదు. నేనే," అంది తాజ్‌బీ.

సమీనాకు మొదట ఆ మాట అర్థం కాలేదు.

"నేనే తీస్కపోతుంటి మీ అబ్బను. మధ్యాహ్నం నువ్వు మూసి పోయినంక. ఇంట్ల మ్యూజియంది ఇంకో చెవి ఉన్నది గదా. ఆటోల పోతుంటిమి. ఆయన ఆ ఒక్క బొమ్మ కాడనే నిలవడుతుండె. వాళ్లమ్మ ఇల్లు ఉన్నది అండ్లనే. మొదట్ల మంచిగనే కనిపిస్తుండె. తర్వాత మసకగున్నది తాజ్, జర కిటికీ తెరువు అన్నడు. తెరిచిన."

"ఎప్పట్నుంచి?"

"ఎండకాలం రాకముందట్నుంచి."

"ఎండకాలమంత?"

"అంత." తాజ్‌బీ కొంగుతో మూతి తుడుచుకుంది. "కిటికీ తెరిచినంక గూడ సాలలేదు. ఇంక తగ్గింది తాజ్, నా చూపు నిన్నటికంటె తగ్గింది అని పిల్లగాని లెక్క ఏడ్చెటోడు. రెహాన్‌ను అడిగి పెద్ద లైటు తెప్పించుకున్నడు. లైటు పెట్టనీకి అడ్డమని ఆ పేలికను నేనే జరిపిన."

"ఫోకస్ లైటు," అన్నాడు రెహాన్ నేల చూస్తూ. "పెండ్లిళ్ల కాడ పెట్టేది. అబ్బ అడిగితె లేదంటనా?"

"అమ్మీ, నేను పొద్దున లేస్తె చెప్పేది ఇదే గదా! వెలుగు పడగూడదని చెప్పలే?"

"చెప్పినవు. ఎండల ఆరేసిన చీర రంగు పోతదని నాకు ఎర్కలేదా? అద్దం లోపలున్నది గదా, ఏమైతది అనుకున్న." తాజ్‌బీ పీట మీదినుంచి లేచి వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు గట్టిగా, బాధపెట్టేలా ఉంది. "నన్నేమన్న అను. ట్రస్టోళ్లకు నా పేరు చెప్పు. గని ఆయనకు చెప్పకు సమీనా. తన కండ్ల కోసం పెట్టిన దీపం తన బొమ్మనే తిన్నదని తెలిస్తె, ఆ మనిషి బత్కడు."

"వాళ్లు వస్తె ఏం చూపియ్యాలె నేను?"

"ఏమన్న చెయ్యి. చెప్పకు."

లోపలి గది తలుపు తెరుచుకుంది. తాజ్‌బీ కూతురి చెయ్యి వదిలేసింది.

ఇస్మాయిల్ తెల్ల లాల్చీ వేసుకొని, టోపీ పెట్టుకొని, కర్ర పట్టుకొని నిలబడి ఉన్నాడు. గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు.

"నడువుండ్రి. నువ్వు చెవి ఇయ్యకున్నా మంచిదే. మా ఊరోళ్లు వచ్చి తలుపుకాడ నిలవడితె, నేను లోపల పండుకోను."

ఆయన ఏం విన్నాడో, ఎంత విన్నాడో ఎవరికీ తెలియలేదు. అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేకపోయింది.

*

జోగులమ్మ అప్పటికే మ్యూజియం మెట్ల మీద కూర్చొని ఉంది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. పక్కన కొడుకు మల్లన్న, మనుమరాలు మానస. నల్లరేవు మునిగాక వాళ్లకు వీపనగండ్ల అవతల పునరావాస కాలనీలో చోటిచ్చారు. అప్పుడు మల్లన్న బడికి పోయే వయసు పిల్లవాడు.

"సారూ, మంచిగున్నవా? కండ్లు ఎట్లున్నయి?"

"ఉన్నయి జోగులమ్మా. నువ్వు రా లోపలికి."

లోపల గోడలకు మేకులు మాత్రమే ఉన్నాయి. ముసలామె గది మధ్యలో నిలబడి నాలుగు దిక్కులా తిరిగి చూసింది.

"ఏవి సారూ మన ఇండ్లు?"

"లోపల పెట్టినమవ్వా," అంది సమీనా. "రంగులు పాడైతున్నయని దాచినం. ఇంకోసారి వస్తె..."

"ఇంకోసారికి ఈమె ఉంటదో ఉండదో," అన్నాడు మల్లన్న తల్లిని చూపిస్తూ. "మానసకు పెండ్లి కుదిరింది. అత్తగారింటికి పోయేలోపల తాతల ఇల్లు చూపిస్తనన్నది మా అవ్వ. ఎంత దూరం నుంచి వచ్చినమో మీకు ఎర్కే గదా అక్కా."

"తీయ్ సమీనా," అన్నాడు ఇస్మాయిల్.

తాజ్‌బీ వద్దన్నట్టు తల ఊపింది. సమీనా బీరువా తెరిచింది. ఆమె చేతికి రేవు వాడ బొమ్మ తగిలింది. దాన్ని వదిలి దాని వెనకున్నది బయటికి తీసింది. తండ్రికి ఎట్లాగూ కనిపించదు, ముసలామెకు గుర్తుండకపోవచ్చు అనుకుంది. అట్లా అనుకున్నందుకు సిగ్గుపడింది. అయినా తెచ్చి బల్ల మీద పెట్టింది.

జోగులమ్మ వంగి చూసింది.

"ఇది ఎగువ వాడ బిడ్డా. ఇగో మా మేనమామోళ్ల మిద్దె. మాది రేవు వాడ గదా."

"రేవు వాడ తీయ్," అన్నాడు ఇస్మాయిల్.

ఇక దాచే దారి లేదు. సమీనా దాన్ని తెచ్చి పక్కన పెట్టి, వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది.

జోగులమ్మ దాని మీదికి వంగింది.

"ఇదేంది బిడ్డా, ఉత్త కాగితం దెచ్చినవు?"

మల్లన్న చట్రాన్ని చేతుల్లోకి తీసుకొని అటూ ఇటూ వంచి చూశాడు. "ఉత్త కాగితం కాదవ్వా. మూలకు సారు సంతకమున్నది, నల్లసిరాతోటి. రేవు వాడ అని రాసున్నది." అతను తలెత్తాడు. "మా ఇల్లేది అక్కా? ఏరేది?"

సమీనా చట్రం కోసం చెయ్యి చాపింది.

"నిన్నే అడుగుతున్న. యాడికి పోయింది మా ఇల్లు? నీళ్లు ఒకసారి ముంచినయి. మీరు అద్దంల పెట్టి రెండోసారి ముంచిండ్రా?"

"మల్లన్నా, జర నిమ్మలంగ," అని రెహాన్ అడ్డు వచ్చాడు. మల్లన్న చట్రాన్ని బల్ల మీద పెట్టి అతన్ని ఒక పక్కకు నెట్టాడు. తాజ్‌బీ కెవ్వుమంది.

"ఏమైంది?" అన్నాడు ఇస్మాయిల్. "మల్లన్న ఏమంటుండు? ఎవ్వరూ చెప్పరేంది?"

ఆయన కర్రను బల్లకు ఆనించి, తడుముకుంటూ వచ్చి చట్రం అంచు పట్టుకున్నాడు. ముక్కు అద్దానికి తగిలేదాకా వంగాడు. ఎడమ నుంచి కుడికి మెల్లగా ముఖం జరుపుకుంటూ పోయాడు.

"జోగులమ్మా, నీ కండ్లు మంచిగున్నయా?"

"సూదిల దారం ఎక్కిస్త సారూ."

"నీకు కనిపిస్తున్నదా నీ ఇల్లు?"

"లేదు సారూ."

"మల్లన్నకు?"

"ఏమున్నది సారూ, కనిపించనీకి!"

ఇస్మాయిల్ చట్రం వదల్లేదు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తండ్రి కిందపడిపోతాడని సమీనా ముందుకు వచ్చింది.

"అయితె పోయింది నా చూపు కాదు," అన్నాడాయన చాలా చిన్న గొంతుతో. "రోజు వచ్చి చూస్తుంటి. రోజు తక్కువ కనిపిస్తుండె. చూపు పోతున్నదని భయమై, ఇంక వెలుగు కావాలె, ఇంక వెలుగు కావాలె అంటుంటి. బొమ్మ పోతుండె." తల తిప్పి భార్య ఉన్న దిక్కు వెతికాడు. "కిటికీ తెరువుమన్నది నేనే గదా తాజ్?"

తాజ్‌బీ కొంగు నోట్లో కుక్కుకుంది.

సమీనా ఆయన్ని పట్టుకొని బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆ మనిషి బత్కడని తల్లి అన్న మాట ఆమె చెవుల్లో మోగుతోంది. ఆయన ఛాతీ ఎగిసి పడుతోందా లేదా అని చూస్తూ కూర్చుంది.

మల్లన్న కోపం చల్లారలేదు. అది ఇంకో దిక్కుకు తిరిగింది. అతను బీరువా దగ్గరికి నడిచాడు.

"ఉన్నయన్న చూపియ్యుండ్రి. కిటికీలన్ని తెరువుండ్రి. అవి గూడ పోకముందు కండ్లార చూసుకుంటం. ఫోన్ల తీస్కుంటం."

సమీనా వెళ్లి బీరువాకు వీపు ఆనించి నిలబడింది. అతను చెయ్యెత్తితే తాను ఏం చేయగలదో ఆమెకు తెలియదు.

"కిటికీ తెరవను మల్లన్నా. ఈ చిన్న దీపం కింద ఒక్కొక్కటి తీస్త. చూసి లోపల పెడ్త. ట్రస్టోళ్లు ఫొటోలు తీయించనీకి మనిషిని పంపుతమన్నరు. రేపు, ఎల్లుండి అనుకుంటనే పోయింది. ఇగ నేనే తీస్త. గని కిటికీ తెరిస్తె అవి గూడ ఇట్లనే అయితయి."

"తోసెయ్యమంటవా నిన్ను?"

"తొయ్యి."

"మల్లా!" అంది జోగులమ్మ. "ఆడివిల్ల మీద చెయ్యి లేపుతవా? ఇటు రా."

అతను కదల్లేదు గానీ చెయ్యి దించాడు. సమీనా ఊపిరి పీల్చుకొని తండ్రి వైపు తిరిగింది.

"అబ్బా, మిగతాయి నువ్వు గూడ చూడు. దగ్గర పెట్టి చూపిస్త. ఒక్కసారి చూస్తె ఏం కాదు."

"వద్దు బేటీ," అన్నాడు ఇస్మాయిల్. "ఒక్కసారే గదా అని నేను గూడ అనుకున్న. రోజు అట్లనే అనుకొని వచ్చిన. నాకు చూపియ్యకు. నేను అడిగినా ఇయ్యకు."

అంతవరకూ గుమ్మం దగ్గర నిలబడ్డ మానస మెల్లగా ముందుకు వచ్చింది. "మరి మా ఇల్లు నాకెట్ల తెలుస్తది తాతా?"

ఇస్మాయిల్ ఆ గొంతు వచ్చిన వైపు తిరిగాడు. "కాగితం ఉన్నదా సమీనా? పెద్దది. లావుగ రాసే పెన్ను తే."

తెచ్చి ఇచ్చింది. ఆయన కాగితం అంచులు వేళ్లతో కొలుచుకున్నాడు. ఒక గీత లాగాడు. వణుకుతూ వచ్చినా అది మిద్దె కప్పేనని అందరికీ తెలిసింది. జోగులమ్మ నేల మీద చతికిలబడి ఆయన చేతినే చూస్తోంది. కింద అరుగు వచ్చింది. అరుగు మీద రోలు వచ్చింది.

"తలుపు ఎటుండె జోగులమ్మా?"

"ఏటి దిక్కు సారూ. పొద్దున లేస్తె ఏరే కనిపిస్తుండె."

"ఏటి దిక్కు కాదవ్వా," అన్నాడు మల్లన్న. "మసీదు దిక్కు ఉండె. నేను గడపల కూసుంటె అజాన్ వినవడుతుండె."

"నువ్వు పిల్లగానివిరా అప్పుడు. నేను ఆ గడపకు పసుపు రాసినదాన్ని."

"నాకు యాదికున్నదవ్వా! నువ్వే మర్చిపోయినవు."

"సారూ, నువ్వు చెప్పు. పక్కిల్లే గదా మీది."

ఇస్మాయిల్ పెన్ను కాగితం మీదే ఆగింది. "నాకు ఇల్లు యాదికి లేదు జోగులమ్మా. బొమ్మనే యాదికున్నది. రోజు బొమ్మనే చూసిన. ఈ ఎండకాలమంత తెల్లకాగితమే చూసిన." ఆయన గొంతులో కంగారు మొదలైంది. "సమీనా, బొమ్మల తలుపు ఎటుండె?"

సమీనా కళ్లు మూసుకుంది. ఇన్నాళ్లూ ఆ బొమ్మ దుమ్ము తుడిచింది. దాని మీద పడే వెలుగు కొలిచింది. చిలకపచ్చ తలుపు రంగు గుర్తుంది. అది ఎటు తిరిగి ఉండేదో ఎంత వెతికినా దొరకలేదు.

"ఆగుండ్రి, పోయినేడు వచ్చినప్పుడు నేను ఫోన్ల తీసిన," అని మల్లన్న జేబులోంచి ఫోను తీశాడు. వేలితో పైకి కిందికి జరుపుతూ వెతికాడు. దొరికింది. అందరూ ఆ చిన్న వెలుగు మీదికి వంగారు.

ఫొటోలో జోగులమ్మ నవ్వుతోంది. పటానికి వీపు పెట్టి, నిటారుగా నిలబడి ఉంది. ఒక భుజం పక్కన ఏరు. ఇంకో భుజం పక్కన పొరుగింటి మూల. ఆమె ఇల్లు ఉన్న చోట ఆమె తల ఉంది.

మల్లన్న దాన్ని పెద్దది చేసి చూశాడు. ఇంకా పెద్దది చేశాడు. తెర నిండా తల్లి తెల్లజుట్టు వచ్చింది.

"చెప్పుండ్రి, ఎటు గీయాలె?" అని ఇస్మాయిల్ అడిగాడు.

పెన్ను కాగితానికి ఆనుకొనే ఉంది. ఆగిన చోట నల్లటి చుక్క మెల్లగా పెద్దదవుతోంది.